సరిహద్దు పల్లె – ఒకనాటి రాజధాని: శ్రీముఖలింగం స్థానిక వారసత్వం

వ్యాససంగ్రహం:

ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు చేరువలో వంశధార ఎడమ గట్టున ఉన్న శ్రీముఖలింగం నేడొక చిన్న గ్రామం. ఒకప్పుడు ఇది తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని శాసనాధారాల వల్ల తెలుస్తున్నది. ఈ గ్రామ వారసత్వంలో సవరల జనశ్రుతి, తెలుగు శాసనభాష, కళింగ ఆలయశిల్పం అనే మూడు పొరలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. భాషాప్రయుక్త రాష్ట్రాల దృష్టితో రాసిన చరిత్రలు వీటిలో ఒక్కొక్క పొరనే తమదిగా చెప్పుకొని తక్కిన వాటిని పక్కన పెట్టాయి. ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడే గ్రామచరిత్ర పూర్తిగా అర్థమవుతుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: శ్రీముఖలింగం, కళింగనగరం, తూర్పు గాంగులు, మధుకేశ్వరాలయం, సవరలు, గిడుగు రామమూర్తి, వంశధార, శాసనభాష.

1. ఉపోద్ఘాతం:

తెలుగునేల స్థానిక చరిత్రలలో సరిహద్దు గ్రామాలకు దక్కిన చోటు తక్కువ. రాజవంశాల చరిత్ర రాజధానుల చుట్టూ తిరుగుతుంది. సాహిత్యచరిత్ర ఆస్థానాల చుట్టూ తిరుగుతుంది. రెండు రాష్ట్రాల నడుమ ఉన్న పల్లె ఈ రెండింటికీ అంచుగానే కనిపిస్తుంది. అయితే హద్దు అనేది కాలంతో పాటు మారేది. ఈనాడు అంచున ఉన్న ఊరు వెయ్యేళ్ల కిందట నడిబొడ్డున ఉండి ఉండవచ్చు. శ్రీముఖలింగం అందుకు చక్కని ఉదాహరణ.

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలోని ఈ గ్రామం యాత్రికులకు శైవక్షేత్రంగా సుపరిచితం. చరిత్ర పరిశోధకులకు గాంగుల రాజధానిగా తెలుసు. ఆలయశిల్పం చదివేవారికి కళింగశైలి తొలి దశలను చూపే స్థలం. తెలుగు భాషా పరిశోధకులకు మాత్రం దీని ప్రాముఖ్యం అంతగా పట్టలేదు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పుట్టిన పర్వతాలపేట ఈ క్షేత్రానికి దగ్గరి ఊరే. ఆయన శాసనపఠనం నేర్చుకొన్నది ఈ గుడి గోడల మీదనే. కాబట్టి ఈ గ్రామచరిత్ర తెలుగు భాషాధ్యయన చరిత్రలో కూడా ఒక అధ్యాయం.

2. భౌగోళిక నేపథ్యం:

వంశధార నది ఒడిశాలోని కలహండి ప్రాంతపు కొండలలో పుట్టి, సుమారు 254 కిలోమీటర్లు ప్రవహించి, కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న మైదానభాగంలో, నది ఎడమ ఒడ్డున శ్రీముఖలింగం ఉంది. ఎగువన సవరలు నివసించే కొండసీమ. దిగువన బౌద్ధస్తూపాలకు ప్రసిద్ధమైన శాలిహుండం, ఆ తరువాత రేవుపట్టణమైన కళింగపట్నం. ఉత్తరాన పర్లాకిమిడి, దానికి ఈశాన్యంగా మహేంద్రగిరి. ఈ రెండూ నేటి ఒడిశా గజపతి జిల్లాలో ఉన్నాయి.

ఈ స్థితిని గమనిస్తే ఇక్కడొక నగరం వెలసిన కారణం బోధపడుతుంది. అటవీ ఉత్పత్తులు దిగివచ్చే దారి, వరి పండే నేల, సముద్రపు రేవుకు చేర్చే నది ఈ చోట కలుస్తాయి. రేవుకు మరీ దగ్గరగా లేకపోవడం వల్ల సముద్రం మీది నుంచి వచ్చే దాడికి కొంత దూరంగా కూడా ఉంటుంది. తొలి గాంగరాజులు తమ తామ్రశాసనాలలో మహేంద్రాచల శిఖరం మీది గోకర్ణస్వామిని కులదైవంగా కీర్తించి, దానాలను కళింగనగరం నుంచి ప్రకటించారు. దైవం కొండ మీద, రాజధాని నది ఒడ్డున. ఈ రెండింటి నడుమ ఈనాడు రాష్ట్రాల హద్దు ఉంది. అప్పుడది ఒకే రాజ్యపు గుండెభాగం.

3. కళింగనగరం ఎక్కడ? – గుర్తింపు చర్చ:

19వ శతాబ్ది చివరి దశకాలలో గాంగుల తామ్రశాసనాలు ఒక్కొక్కటిగా వెలుగులోకి వచ్చిన కొద్దీ కళింగనగరం ఎక్కడిదనే ప్రశ్న ముందుకు వచ్చింది. శాసనపరిశోధనలో ఆనాటి ప్రముఖుడైన జె.ఎఫ్. ఫ్లీట్ దీనిని కళింగపట్నంతో గుర్తించాడు. పేరులోని పోలిక, రేవుపట్టణంగా దానికున్న ప్రసిద్ధి ఈ అభిప్రాయానికి బలమిచ్చాయి.

గిడుగు రామమూర్తి ఈ గుర్తింపును అంగీకరించలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరిన ఆయన చరిత్రపాఠాలు చెప్పే రోజులలో సమీపంలోని ముఖలింగం దేవాలయాలకు వెళ్లి, అక్కడి శాసనాల లిపిని స్వయంకృషితో చదవడం నేర్చుకొన్నాడు. గాంగవజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని (శక 979, క్రీ.శ. 1057–58) పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటంలో ప్రకటించాడు. కళింగనగరం ముఖలింగమేనన్నది ఆయన నిర్ణయం. తరువాతి పరిశోధకులలో అత్యధికులు దీనినే అంగీకరించారు.

ఈ గుర్తింపునకు ఆధారాలు మూడు విధాలు.

మొదటిది తామ్రశాసనసాక్ష్యం. అనంతవర్మ చోడగంగుని విశాఖపట్నం తామ్రశాసనం (శక 1040, క్రీ.శ. 1118–19) గాంగుల వంశావళిని విస్తరంగా చెబుతుంది. అందులో రెండవ కామార్ణవునికి 'నగరం' అనే పేరుగల పురం ఉన్నదనీ, అక్కడ అతడు లింగరూపుడైన ఈశ్వరునికి ఎత్తయిన ఆలయం కట్టించాడనీ, మధూకవృక్షం నుంచి పుట్టిన కారణంగా ఆ దేవునికి మధుకేశుడని పేరిడినాడనీ ఉంది.

రెండవది ఆలయసాక్ష్యం. మధుకేశ్వరుని పేరుతో నేటికీ పూజలందుకొంటున్న ప్రాచీనాలయం ముఖలింగంలో ఉంది. ఆ గుడిలోని శాసనాలు ఆ చోటును 'నగరం'గానే పేర్కొంటాయి.

మూడవది స్థలసాక్ష్యం. ఒకే గ్రామంలో మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాలు ఉండటం, పరిసరాల పొలాలలో, దిబ్బలలో లింగాలు, శిల్పఖండాలు కనిపించడం ఇక్కడొక పెద్ద జనావాసం ఉండేదని సూచిస్తాయి.

ఇక్కడ పరిశోధనపద్ధతికి సంబంధించిన అంశం ఒకటి ఉంది. విశాఖపట్నం తామ్రశాసనాన్ని ప్రకటించినవాడు ఫ్లీటే. మధుకేశుని ప్రస్తావన ఆయన కళ్లెదుటనే ఉంది. మధుకేశ్వరుడు ఏ ఊరి దేవుడో మాత్రం వంశధార పరిసరాలలో తిరిగినవారికే తెలుసు. శాసనపాఠం పుస్తకంలో దొరుకుతుంది. దానికి అర్థం చెప్పే సమాచారం ఊరిలో దొరుకుతుంది. ఈ రెండింటినీ కలిపినందువల్లనే పాఠశాల ఉపాధ్యాయుని నిర్ణయం పేరుపొందిన పండితుని నిర్ణయం కంటె నిలిచింది. పేరులోని పోలిక ఊహకు దారి చూపగలదు గాని ఊహ నిర్ధారణ కావాలంటే స్థలపరిశీలన అవసరం.

తొలి గాంగుల శాసనాలు పేర్కొన్న కళింగనగరం, 11వ శతాబ్దిలో వజ్రహస్తుడు దానశాసనాలు వెలువరించిన కళింగనగరం ఒకే చోట ఉండేవా అన్న ప్రశ్నను కొందరు లేవనెత్తారు. రాజధానులు నదీతీరం వెంట కొద్దిగా జరగడం అసాధారణం కాదు. అయితే 11, 12 శతాబ్దుల నగరం ముఖలింగమే అనే విషయంలో పై మూడు ఆధారాలూ ఏకీభవిస్తున్నాయి.

4. ఇప్పచెట్టు – శాసనం చెప్పినది, జనశ్రుతి నిలిపినది:

మధూకమంటే ఇప్పచెట్టు. శ్రీముఖలింగం క్షేత్రకథకు ఈ చెట్టే మూలం. స్థానికంగా వినిపించే కథాసారం ఇది: శాపగ్రస్తులైన గంధర్వులు సవరలుగా జన్మించారు. వారి నాయకునికి ఇద్దరు భార్యలు. ఇంటి ముందరి ఇప్పచెట్టు కొమ్మలు ఇద్దరి వాటాలలోకీ వంగి ఉండేవి. శివభక్తురాలైన భార్య వైపు రాలిన పువ్వులు బంగారమయ్యేవి. రెండవ ఆమె వైపు మామూలు పూలే రాలేవి. తగవు పెరిగింది. విసిగిన నాయకుడు చెట్టును నరికాడు. మొదలులో నుంచి శివుడు ముఖంతో సహా వెలిశాడు. అందువల్ల ముఖలింగమయ్యాడు.

ఇటువంటి కథలను స్థలపురాణాలుగా మాత్రమే పరిగణించి చరిత్రకారులు పక్కన పెట్టడం పరిపాటి. ఈ కథ విషయంలో అలా చేయడానికి వీలులేదు. చెట్టు నుంచి లింగం పుట్టినదన్న అంశం 1118–19 నాటి రాజశాసనంలోనే ఉంది. అంటే కథలోని కేంద్రాంశం కనీసం 900 ఏళ్లుగా నిలిచివచ్చింది. రాజాస్థానపు సంస్కృతరచనలో చెట్టు ఉంది, సవరలు లేరు. ఊరి నోట చెట్టూ ఉంది, సవరలూ ఉన్నారు. సవరల ప్రస్తావన తరువాత చేరినదా, శాసనకర్త వదిలిపెట్టినదా అన్నదే ప్రశ్న.

రెండవ అవకాశాన్ని బలపరిచే అంశాలు కొన్ని ఉన్నాయి. చోడగంగుని తామ్రశాసనాల ప్రకారం గాంగవంశీయుడైన మొదటి కామార్ణవుడు సోదరులతో కూడి మహేంద్రగిరికి వచ్చి, గోకర్ణస్వామిని సేవించి, స్థానిక పాలకుని జయించి కళింగాన్ని పొందాడు. ఆ పాలకుని పేరు ఒక పాఠంలో బాలాదిత్యుడనీ, కోర్ని తామ్రశాసనంలో శబరాదిత్యుడనీ కనిపిస్తుంది. శబర శబ్దానికీ సవరలకూ గల సంబంధం తెలిసినదే. కొత్త రాజవంశం అడవిజాతుల నేల మీద నిలదొక్కుకొంటూ వారి పూజావృక్షాన్ని శివాలయంగా మార్చి ఉండవచ్చుననే ఊహకు ఇక్కడ ఆస్కారం ఉంది. ఇది నిరూపితమైన విషయం కాదు. అయితే శాసనమూ, జనశ్రుతీ పరస్పరం విరుద్ధంగా లేవన్నది స్పష్టం.

ఇప్పచెట్టు ఎంపిక కూడా ఆలోచించదగినదే. శివునికి మారేడు ప్రీతికరమైనది. ఆలయవృక్షాలుగా రావి, మర్రి, జమ్మి సుప్రసిద్ధాలు. ఇప్ప అడవిబిడ్డల చెట్టు. పువ్వు తిండికీ సారాకూ, గింజ నూనెకూ ఉపయోగపడుతుంది. కొండసీమ ఆర్థికజీవనంలో అది ప్రధానవృక్షం. ఒక రాజవంశం తన రాజధానిలోని ప్రధానదైవానికి ఈ చెట్టు పేరు పెట్టుకొన్నదంటే ఆ పేరు రాజవంశం కంటె ముందటిదై ఉండే అవకాశమే ఎక్కువ.

ఇదే వంశం తరువాతి కాలంలో ఆదరించిన పూరీ జగన్నాథక్షేత్రంలోనూ శబరనాయకుడు, దైవంగా మారిన కొయ్య అనే రెండంశాలు కథకు మూలమై ఉన్నాయి. ఎష్మన్, కుల్కే, త్రిపాఠి సంపాదకత్వంలో 1978లో వెలువడిన జగన్నాథారాధనాధ్యయనం పూరీ విషయంలో గిరిజనమూలాలను విస్తృతంగా చర్చించింది. ముఖలింగం కథను ఆ చర్చ పక్కన పెట్టి చదవవలసిన అవసరం ఉంది.

గర్భాలయంలో ఉన్న పెద్ద మట్టి గోలెం గురించి కూడా ఒక కథ ఉంది. దానిని సమర్పించినవాడు కుమ్మరి భక్తుడనీ, ద్వారం కంటె పెద్దదైన ఆ గోలెం శివుని మహిమ వల్లనే లోపలికి చేరిందనీ చెప్పుకొంటారు. సవరనాయకుడు, కుమ్మరి – ఈ రెండు కథలలోనూ దేవుడు ముందుగా కరుణించినది రాజును కాదు. రాజశాసనాలు చెప్పే ఆలయచరిత్రకు ఊరు నిలుపుకొన్న ప్రతిపాఠమిది.

5. ఆలయ నిర్మాణం – కళింగశైలికి దక్షిణ హద్దు:

ముఖలింగంలోని మూడు ఆలయాలలో పెద్దది మధుకేశ్వరాలయం. ప్రాకారం లోపల ప్రధానాలయం, దాని మూలలలో ఉపాలయాలు ఉన్నాయి. గర్భాలయం మీది శిఖరం వంపు తిరిగిన రేఖాశిఖరం. తక్కిన తెలుగునేలలో ఎక్కువగా కనిపించే అంతస్తుల ద్రావిడవిమానానికి భిన్నమైనది. ద్వారబంధాల మీది లతల అల్లికలు, గోడల గూళ్లలోని శైవమూర్తులు, వారాహీదేవి విగ్రహం ఇక్కడి శిల్పుల పనితనానికి నిదర్శనాలు. గ్రామంలో విడిగా ఉన్న సోమేశ్వరాలయం ముందు నేడు మండపం లేదు. శిఖరంతో కూడిన గర్భాలయం ఒంటరిగా నిలిచి ఉంది. ద్వారం పక్కల గంగాయమునలు, పైన నవగ్రహాల పట్టిక కళింగశైలి లక్షణాలను స్పష్టంగా చూపుతాయి. భీమేశ్వరాలయం మూడింటిలో ఎక్కువగా శిథిలమైనది.

మధుకేశ్వరాలయ నిర్మాణకాలం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. రెండవ కామార్ణవుని కాలాన్ని నిర్ణయించే తీరును బట్టి 8వ శతాబ్ది మొదలు 10వ శతాబ్ది వరకు వేర్వేరు అభిప్రాయాలు ఉన్నాయి. బి. మస్తానయ్య 1978లో ప్రకటించిన గ్రంథం ఈ ఆలయాలను ప్రత్యేకంగా అధ్యయనం చేసిన పరిశోధన.

కళాచరిత్రలలో ముఖలింగం సాధారణంగా భువనేశ్వర్ ఆలయాలకు అనుబంధంగా దర్శనమిస్తుంది. తెలుగునేల ఆలయాల చరిత్రలో ద్రాక్షారామ, సామర్లకోటల వరుసలో ఇమడని మినహాయింపుగా కనిపిస్తుంది. ఒక చోట తోక, మరొక చోట మినహాయింపు. రాజకీయచరిత్రను గమనిస్తే క్రమం వేరు. ముఖలింగం నుంచి ఏలిన వంశమే ఆ తరువాత పూరీ ఆలయనిర్మాణానికి పూనుకొన్నది. 13వ శతాబ్దిలో కోణార్క సూర్యాలయాన్ని కట్టించిన మొదటి నరసింహదేవుడు ఈ వంశంవాడే. శైలి ఉత్తరం నుంచి వచ్చిందనుకొన్నా, ఆ శైలిని శిఖరాగ్రానికి చేర్చిన రాజకీయశక్తి మాత్రం వంశధార తీరం నుంచి బయలుదేరింది.

6. శాసనాల తెలుగు:

ముఖలింగం ఆలయాలలోని వందకు పైగా శాసనాలు దక్షిణభారత శాసనాల అయిదవ సంపుటంలో చేరాయి. వీటిలో ఎక్కువ భాగం 11, 12 శతాబ్దులవి. భాష సంస్కృతం, తెలుగు. లిపి ఎక్కువగా తెలుగే. అఖండదీపాలకు, నైవేద్యాలకు, ఆలయసేవకులకు ఇచ్చిన దానాలను ఇవి నమోదు చేస్తాయి. దాతలలో రాజబంధువులు, అధికారులు, వర్తకులు, గుడిసానులు ఉన్నారు. కాలనిర్దేశంలో శకవర్షంతో పాటు రాజ్యవర్షాలు కనిపిస్తాయి. గాంగుల తెలుగు శాసనాలలో రాజ్యవర్షాన్ని తెలిపే 'శ్రాహి' అనే మాట తక్కిన తెలుగు శాసనాలలో అరుదు.

ఈ శాసనాలు రెండు విషయాలు తెలుపుతాయి. మొదటిది, 'త్రికళింగాధిపతి' బిరుదు ధరించిన రాజుల రాజధానిలో దానపత్రాలు రాయడానికి తెలుగు వాడుకలో ఉండేది. ప్రశస్తి సంస్కృతంలో ఉన్నా, ఎవరు, ఎంత, ఎవరికి, ఎందుకు ఇచ్చారన్న వ్యావహారికభాగం తెలుగులో ఉండటం నాటి పాలనాభాషను సూచిస్తుంది. రెండవది, కాకతీయాంధ్రం, వేంగి ప్రాంతాల శాసనాల మీద ఆధారపడి నిర్మించిన ప్రాచీనాంధ్రభాషా చరిత్రకు కళింగాంధ్ర శాసనాలు చేర్చే రూపభేదాలు, పదసంపద ఉన్నాయి. సమకాలీన ఉత్తరాంధ్ర మాండలికంతో వీటిని పోల్చి చూసిన సమగ్రాధ్యయనం జరగవలసి ఉంది.

గిడుగు భాషాచింతనతో ఈ శాసనాలకు గల సంబంధం కూడా గమనింపదగినది. గ్రాంథికవాదులతో జరిపిన వాదాలలో ఆయన ప్రధానాయుధాలలో శాసనాలు, ప్రాచీన వచనరచనలు, వ్యాఖ్యానాలు ఉన్నాయి. వ్యాకరణగ్రంథం నిషేధించిన రూపాన్ని పూర్వులు రాతలో వాడినట్లు చూపడం ఆయన పద్ధతి. పుస్తకానికి బయట, రాతి మీద ఒక తెలుగు ఉన్నదని ఆయన యౌవనంలోనే గుర్తించాడు. కొండలలోని సవరలు మాట్లాడే భాష నేర్చుకొని, ద్రావిడకుటుంబానికి చెందని ఆ ముండాభాషకు 1931లో వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించాడు. రాతి మీది తెలుగు, కొండ మీది సవర – ఈ రెండూ వంశధార తీరంలో ఆయనకు లభించినవే. రాతలోని భాషకూ నోటిలోని భాషకూ సమానగౌరవం ఇవ్వాలన్న దృష్టి ఈ నేల మీద రూపుదిద్దుకొన్నదనడం అతిశయోక్తి కాదు.

7. రాజధాని తరలిన తరువాత:

1038లో పట్టాభిషిక్తుడైన అయిదవ వజ్రహస్తుని కాలం నుంచి కళింగనగరం గొప్ప వైభవాన్ని చూసింది. అతని మనుమడు అనంతవర్మ చోడగంగుడు 1078లో రాజ్యానికి వచ్చి సుమారు 70 ఏళ్లు ఏలాడు. ఉత్కళాన్ని జయించి రాజ్యాన్ని ఉత్తరానికి విస్తరించాడు. 12వ శతాబ్దిలో రాజ్యకేంద్రం కటకానికి తరలింది. తొలుత పరమమాహేశ్వరుడుగా చెప్పుకొన్న రాజు తరువాత పరమవైష్ణవ బిరుదం కూడా ధరించాడు. రాజ్యకేంద్రమూ, రాజదైవమూ దాదాపు ఒకే కాలంలో వంశధారను విడిచి మహానదీసీమకు చేరాయి.

రాజధాని తరలిన నగరం క్రమంగా గ్రామమవుతుంది. 'కళింగనగరం' అనే పేరు వాడుక నుంచి జారిపోయింది. దేవుని పేరే ఊరి పేరయింది. రాజు పెట్టిన పేరు కంటె జనం నోట నిలిచిన దేవుని పేరే నిలబడింది. గిడుగు వంటివారు శాసనాలు చదివేదాకా ఈ ఊరు ఒకనాటి రాజధాని అనే ఎరుక ఊరివారికే లేకపోయినా, ఆలయం మాత్రం పూజ తప్పకుండా నడిచింది. రాజాశ్రయం లేని ఈ శతాబ్దాలలో క్షేత్రాన్ని నిలిపినవారు పరిసరగ్రామాల రైతులు, కొండల నుంచి దిగివచ్చే భక్తులు.

8. కొత్త హద్దు – 1936:

బ్రిటిషు పాలనలో ముఖలింగం, శ్రీకాకుళం, పర్లాకిమిడి ప్రాంతాలు మదరాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణంతో పాటు ఆ జమీందారీలో ఒక భాగం ఒడిశాకు వెళ్లింది. మిగిలిన భాగం మదరాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ముఖలింగం తెలుగు వైపున నిలిచింది. శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో ప్రత్యేకజిల్లా అయింది.

పర్లాకిమిడిని ఒడిశాలో చేర్చడాన్ని గిడుగు తీవ్రంగా వ్యతిరేకించాడు. తెలుగువారు గణనీయంగా ఉన్న పట్టణం అది. ఆయన అయిదు దశాబ్దాలకు పైగా నివసించిన ఊరు. విభజన జరిగిన తరువాత ఆయన పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరానికి వచ్చి స్థిరపడ్డాడు. 1940 జనవరి 22న మరణించాడు. ఇందులో ఒక విషాదం ఉంది. ఇరువైపుల వారికీ చెందిన కళింగనగరాన్ని గుర్తించిన పరిశోధకుడు, తెలుగువాడై ఉండి సవరలకు చదువుచెప్పిన ఉపాధ్యాయుడు, చివరకు భాష పేరిట గీసిన గీత కారణంగా ఊరు విడవవలసి వచ్చింది.

హద్దు ప్రభావం మనుషుల మీదనే కాక చరిత్రరచన మీద కూడా పడింది. 1930లో రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పక్షాన వెలువడిన 'కళింగదేశ చరిత్ర' కళింగాన్ని తెలుగువారి చరిత్రలో భాగంగా చూపే ప్రయత్నం. ఒడియా చరిత్రకారులు ఇదే గాంగులను తమ జాతి నిర్మాతలుగా భావించారు. ఒకరు శాసనాల తెలుగును ముందుంచారు. మరొకరు ఆలయశైలిని, పూరీ సంబంధాన్ని ముందుంచారు. ఇరువురి ఆధారాలూ నిజమైనవే. ఒక్కొక్కరు ఒక్కొక్క పొరను ఎన్నుకొన్నారన్నదే లోపం. సవరల వాటా గురించి ఇద్దరూ దాదాపు మౌనం వహించారు.

9. ఉత్సవం – హద్దు దాటే వారసత్వం:

మహాశివరాత్రి ఉత్సవాల ముగింపులో వంశధారలో జరిగే చక్రతీర్థస్నానం శ్రీముఖలింగం జాతరలో ముఖ్యఘట్టం. ఆ రోజున ఉత్తరాంధ్ర గ్రామాల నుంచే కాక ఒడిశా వైపు నుంచి కూడా భక్తులు పెద్దసంఖ్యలో వస్తారు. నదిలో మునిగేటప్పుడు ఏ రాష్ట్రపువారు, ఏ భాషవారు అన్న విచక్షణ ఉండదు. చరిత్రరచనలో విడిపోయిన మూడు పొరలు ఈ రోజున మళ్లీ ఒకచోట చేరతాయి. ఇక్కడ ఒకటి తక్కువ కోటి లింగాలు ఉన్నాయని స్థానికులు చెప్పుకొనే మాటలో నేల కింద ఉన్న నగరపు జ్ఞాపకం నిక్షిప్తమై ఉంది. పొలం దున్నినప్పుడల్లా ఒక రాయి తేలే ఊరిలో ఇటువంటి మాట పుట్టడం సహజం.

ఆలయాలు కేంద్రపురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి. రాయికి రక్షణ లభించినా జనశ్రుతికి అటువంటి ఏర్పాటు లేదు. ఇప్పచెట్టు కథకు సవరల నోట ఉన్న పాఠం ఏది, ఒడియా భక్తులు చెప్పే పాఠం ఏది, తెలుగు గ్రామాలలోని పాఠం ఏది అన్నది మూడు భాషలలోనూ సేకరించి పోల్చవలసి ఉంది. కథ తెలిసిన పెద్దతరం ఉన్నప్పుడే ఈ పని జరగాలి. శాసనపాఠాలు ఏనాడో అచ్చయ్యాయి. వాటి పక్కన పెట్టి చదవవలసిన మౌఖికపాఠం ఇంకా గాలిలోనే ఉంది.

10. ముగింపు:

• కళింగనగరం గుర్తింపు చర్చ తామ్రశాసనం, ఆలయం, స్థలపరిశీలన అనే మూడు ఆధారాలను సమన్వయించినప్పుడు తేలింది. పేరులోని పోలికను మాత్రమే నమ్మిన నిర్ణయం నిలువలేదు.

• ఇప్పచెట్టు కథలోని కేంద్రాంశం 12వ శతాబ్ది ఆరంభంలోని రాజశాసనంలో ఉన్నందున స్థానిక జనశ్రుతిని చారిత్రకాధారంగా పరిశీలించడం అవసరం. సవరల ప్రస్తావనను తరువాతి కల్పనగా తోసిపుచ్చడానికి తగిన కారణం లేదు.

• ముఖలింగం ఆలయశైలి కళింగానికి, శాసనభాష తెలుగుకు, క్షేత్రకథ సవరలకు సంబంధించినవి. వీటిలో ఏ ఒక్కటి తీసివేసినా గ్రామచరిత్ర అసమగ్రమవుతుంది.

• గిడుగు రామమూర్తి శాసనపఠనం, సవరభాషాకృషి, వ్యావహారికవాదం అనే మూడింటికీ ఈ ప్రాంతమే పునాది. ఆయనను భాషోద్యమకారుడుగా మాత్రమే చదివే పద్ధతి మారవలసి ఉంది.

• ముఖలింగం శాసనాల భాషను నేటి ఉత్తరాంధ్ర మాండలికంతో పోల్చే అధ్యయనం, క్షేత్రకథల త్రిభాషాసేకరణ తక్షణం చేపట్టదగిన పరిశోధనాంశాలు.

సరిహద్దు గ్రామమని పిలిచినంత మాత్రాన శ్రీముఖలింగం ఎవరి చరిత్రకూ అంచు కాదు. హద్దు గీసింది 1936లో. ఊరు అంతకు వెయ్యేళ్ల ముందు నుంచీ అక్కడే ఉంది. ఇరువైపుల పరిశోధకులు ఒకరి ఆధారాలను మరొకరు చదివిననాడు ఈ పల్లె చరిత్ర రెండు రాష్ట్రాల ఉమ్మడి చరిత్రగా రూపొందుతుంది.